ఇన్నెస్ మామ్మ పుస్తకంలో ఏడు పేజీలు

నా కూతురు నన్ను ఎప్పటికీ అమ్మా అని పిలవదేమోనన్నది ఆ వేసవిలో నా భయం. విమానం కూలుతుందని, ఈయన పనిచేసే రంగుల ఫ్యాక్టరీలో ఏదో పేలుతుందని, స్టవ్ ఆర్పకుండా గుడికి వచ్చేశానని రోజూ భయపడేదాన్నే. కానీ అవన్నీ వచ్చిపోయే భయాలు. ఇది మాత్రం మా ఇంట్లో కాపురం పెట్టింది.

అది 1981. మేం న్యూజెర్సీలో కర్నీ అనే ఊళ్ళో ఒక పాత చెక్క ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. రేణుకి మూడేళ్ళు నిండాయి. చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. ఐస్‌క్రీమ్ బండి రెండు వీధుల అవతల ఉండగానే కిటికీ దగ్గరికి పరుగెత్తేది. నవ్వేది, అలిగేది, నా వేలు పట్టుకుని లాక్కెళ్ళి కావలసింది చూపించేది. మాట మాత్రం లేదు.

శనివారాలు తెలుగువాళ్ళం ఎవరింట్లోనో భోజనాలకి కలిసినప్పుడు జయంతి గారు అందరి ముందూ అడిగేవారు. "ఏమ్మా వసుమతీ, ఇంకా ఏం లేదా? మావాడు ఈ పాటికి ఏబీసీడీలు తిరగేసి కూడా చెప్పేవాడు. నువ్వు మరీ గారం చేస్తున్నావేమో చూసుకో."

"కొంతమందికి లేటవుతుందిలెండి," అనేదాన్ని నేను.

"అవుతుందనుకో," అనేవారావిడ, నా పళ్ళెంలో ఇంకో గారె వేస్తూ.

జూన్‌లో క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడ ఒకావిడ, మంచి మనిషే, రేణుతో చెక్కముక్కలు పేర్పించింది, బొమ్మలు చూపించింది, తర్వాత ఈయనతో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. తిరిగొస్తూ కార్‌లో ఈయన నాకు చెప్పారు.

"ఇంట్లో ఒక లాంగ్వేజ్, బయట ఒక లాంగ్వేజ్ అయ్యేసరికి కన్ఫ్యూజ్ అవుతోందిట. ఒక్కటే ఉండాలిట."

"ఏది?"

ఈయన ముందున్న పెద్ద ట్రక్కుని దాటారు. దాటాక, "అదేం ప్రశ్న వసూ?" అన్నారు.

ఆ వారమే ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటించారు. నాకు చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లోనే రాశారు: కమ్, ఈట్, మిల్క్, షూస్, స్లీప్, గుడ్ గర్ల్, డోంట్ టచ్. మొత్తం ఇరవై మూడు మాటలు. తొమ్మిదో క్లాసుతో చదువు ఆగిపోయినదాన్ని, నాకు అంతకంటే ఎక్కువ నోరు తిరగదని ఆయనకి తెలుసు. ఆయన్ని నేను తప్పుపట్టను. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఆయన ఏడవడం నేను విన్నాను.

కానీ ఇరవై మూడు మాటలతో బిడ్డకి అన్నం పెట్టడం ఎంత కష్టమో చెప్పలేను. 'ఈట్' అంటాను. ఆ తర్వాత? రెండు ముద్దల మధ్య తల్లికి వంద మాటలుంటాయి. కాకి వస్తుంది, బూచి వస్తాడు, నాన్న వస్తారు, ఈ ముద్ద తింటే ఎంత పొడుగవుతావో తెలుసా అంటాం. అవేవీ ఆ చీటీలో లేవు. నేను 'ఈట్' అనేదాన్ని, రేణు నా నోటికేసి చూసేది. ఇంకేదో రావాలని దానికి తెలుసు. రాకపోయేసరికి తలతిప్పుకునేది. పది రోజులు గడిచేసరికి ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేకుండా పోయింది. ఆ వేసవి నాకు నీళ్ళ అడుగున గడిచినట్టు గుర్తు. నోరు తెరిస్తే బుడగలు తప్ప మాట రాని చోట నేనూ, నా కూతురూ ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ తిరిగేవాళ్ళం.

కింది వాటాలో ఇంటావిడ ఉండేది, ఎల్స్‌పెత్ ఇన్నెస్. డెబ్భై ఏడేళ్ళు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కర్నీలో దారం మిల్లు కోసం స్కాట్లాండు నుంచి వచ్చినవాళ్ళు వందేళ్ళుగా ఉన్నారు. బజారులో చేపలు వేయించి అమ్మే కొట్టు వాళ్ళదే. శనివారం పార్కులో గళ్ళ లంగాలు కట్టుకుని బాజాలు వాయించే మగాళ్ళూ వాళ్ళే. చంకలో తోలుసంచీ పెట్టుకుని వాయిస్తారే, అది మొదటిసారి విన్నప్పుడు నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. మా వైపు వీధి భాగవతాల్లో వెనక కూర్చుని ఒకడు తిత్తి ఊదుతాడు, ఎడతెగకుండా ఒకే శ్రుతి. అచ్చం అదే. దాని మీద నాలుగు పీకలు ఎక్కువ పెట్టారంతే.

మామ్మ నన్ను 'హెన్' అని పిలిచేది. కోడిపెట్టలా కనిపిస్తున్నానా అని మొదట చిన్నబుచ్చుకున్నాను. వాళ్ళ ఊళ్ళో అది 'అమ్మాయ్' అనడంలాంటిదిట. ఆవిడ మాట్లాడే ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, నాది ఆవిడకి సగమే. మిగిలిన సగాలతో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ రాస్తున్నది నాకు అర్థమైనట్టుగా రాస్తున్నదే.

జూన్ చివర్లో ఒక పొద్దున్న, మెట్ల కింద నేను చాక్‌పీసుతో ముగ్గు వేస్తుంటే ఆవిడ వంగి, కళ్ళు చికిలించి చూసింది. ఆవిడ కళ్ళలో అప్పటికే తెల్లటి పొర కమ్ముతోంది.

"హెన్, నీ చెయ్యి వణకదే! చుక్కకీ చుక్కకీ కొలబద్ద పెట్టినట్టుంది. లోపలికి రా. నీతో పనుంది."

వంటింటి బల్ల మీద నీలం తువ్వాలు మడతలు విప్పి, అందులోంచి ఒక పుస్తకం తీసింది. అడ్డంగా, పొడుగ్గా, తోలు అట్టతో ఉంది. లోపల గోధుమరంగు సిరాతో గీతలు, గీతల మీద చుక్కలు, చుక్కలకి తోకలు. వాళ్ళ తాత చేతిరాతట. ఆయన పగలు గుర్రాలకి నాడాలు కొట్టి, పెళ్ళిళ్ళలో ఫిడేలు వాయించేవాడట. నూట ఇరవై ఏళ్ళ కిందట ఆ చుట్టుపక్కల వాయించే నాట్యం పాటలన్నీ, ఫిడేలువీ తిత్తివీ, ఎక్కడ విన్నవి అక్కడ ఇందులోకి ఎక్కించుకున్నాడు. ప్రతి పాటకీ ఒక పేరు. 'మిల్లువాడి కుంటిగుర్రం', 'ఆదివారం ఉతికిన చొక్కా', 'రేవు దాటని పెళ్ళికూతురు'. మామ్మ పేర్లు చదువుతుంటే నాకు నవ్వొచ్చింది.

"ఈ సిరా కాగితాన్ని తినేస్తోంది. చూడు," అని ఒక పేజీ వెలుతురుకి పట్టింది. చుక్కలున్నచోట చిల్లులు. కిటికీ వెలుగు ఆ చిల్లుల్లోంచి బల్ల మీద పడి, పాట పాటంతా వెలుతురు చుక్కలై కదిలింది. రేణు వచ్చి వాటి మీద అరచెయ్యి పెట్టింది.

"నాకు కళ్ళు లేవు. నువ్వు దీన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాయాలి."

"నాకు చదవడం రాదు మామ్మా."

"చదవద్దు. చదివేవాళ్ళు దిద్దేస్తారు. నువ్వు చూసి వెయ్యి, చాలు."

దిద్దినవాడెవరో ఆ వారమే తెలిసింది. మిస్టర్ రెన్నీ. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యాడు, వాళ్ళ స్కాట్లాండు క్లబ్బులో ఫిడేలు వాయిస్తాడు. సెప్టెంబరులో క్లబ్బు తరఫున ఈ పుస్తకం అచ్చు వేయించాలని ఆయన పట్టుదల. మధ్యలో ఏడు పేజీలు ఉన్నాయి, వాటి నిండా ఆయన పెన్సిల్ గీతలే. తప్పు, తప్పు, తప్పు అని.

"ఈ ఏడూ వదిలేద్దాం ఎల్స్‌పెత్," అన్నాడు, టీలో బిస్కట్ ముంచుకుంటూ. "పై తీగల మీద నడిచినంతసేపూ పాట బాగానే ఉంటుంది. కింది తీగల్లోకి దిగిందా, మెట్లు దిగే తాగుబోతులా తూలుతుంది. మీ తాత ఈ పేజీలు రాసినప్పుడు ఏ పెళ్ళివారింట్లోనో బాగా పుచ్చుకుని ఉంటాడు."

"మా తాత చుక్క ముట్టేవాడు కాదు."

"అందరి తాతలూ అంతే," అని నవ్వాడాయన.

మామ్మ నవ్వలేదు. ఆయన వెళ్ళాక ఆ కప్పుని మామూలు కంటే ఎక్కువసేపు కడిగింది.

జులై అంతా నేను చుక్కలు పెట్టాను. ఈయన ఆఫీస్‌కి వెళ్ళగానే రేణుని చంకనేసుకుని కిందికి దిగేదాన్ని. కింద చల్లగా ఉండేది. వంటింట్లో పాత చెక్క వాసన, టీ వాసన. రేణు బల్ల కింద గరిటెలు పేర్చుకునేది. మామ్మ దానితో ఆపకుండా మాట్లాడేది. వాన వస్తుందని, పక్కింటి పిల్లి దొంగముండని, తన మొగుడు ఫలానా కుర్చీలోంచే పడ్డాడని. అది ఏ భాషో క్లినిక్ వాళ్ళొచ్చి విన్నా చెప్పలేరు. దానికి జవాబు రాకపోతే ఆవిడకేం బెంగలేదు. కాస్త ఆగి, జవాబు వచ్చినట్టే తలూపి, మళ్ళీ మొదలుపెట్టేది. నేను ఆ మాటలు వింటూ గీతల మీద చుక్కలు దింపుకుంటూ పోయేదాన్ని. ఎంతసేపు గడిచిందో తెలిసేది కాదు. ఒక్కోసారి తలెత్తి చూస్తే నేను తునిలో మా పుట్టింటి అరుగు మీద ఉన్నానో, ఇంకెక్కడ ఉన్నానో ఒక క్షణం తోచేది కాదు.

ఒకరోజు అడిగాను, "మామ్మా, ఈ చుక్క అంటే ఏమిటి?"

"నోటితో చెప్పలేను. ఫిడేలు మీదైతే చూపిస్తాను. ఈ చుక్కకి ఈ తీగ, ఈ వేలు. నాకు మా నాన్న నేర్పింది అంతవరకే."

"నా దగ్గర ఉంది," అన్నాను.

ఆవిడకి నమ్మకం కలగలేదు. మేడమీదికెళ్ళి, మంచం కింద నుంచి పెట్టె లాగి తెచ్చాను. పెళ్ళికి ముందు ఆరేళ్ళు నేర్చుకున్నాను. అమెరికా వచ్చాక పెట్టె తెరిచింది తక్కువ. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కుడి మడమ మీద ఆనించి కూర్చుంటే మామ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"దేవుడా! దాన్ని జోకొడతావా, వాయిస్తావా?"

వేళ్ళు చూపించింది. చూపించినట్టే వాయించాను. 'మిల్లువాడి కుంటిగుర్రం' మొదటి రెండు వరుసలూ బాగా పరుగెత్తింది. మూడో వరుసలో కింది తీగల మీదికి దిగేసరికి నిజంగానే నాలుగు కాళ్ళూ విరిగి పడింది. మామ్మ నవ్వి నవ్వి కళ్ళొత్తుకుంది. బల్ల కింద నుంచి రేణు కూడా నవ్వింది. అది అలా గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఇంకోసారి వాయించాను, అది నవ్వడం కోసమే.

రెన్నీ గారు వచ్చినప్పుడు మామ్మ ఈ సంగతి చెప్పింది. ఆయన నా ఫిడేలు తీసుకుని తీగలు మీటి చూసి కనుబొమలు ఎగరేశాడు. "తీగలు కట్టడం తప్పు తల్లీ. కింది రెండూ ఇక్కడ ఉండకూడదు," అని బిరడలు తిప్పి వాళ్ళ పద్ధతికి మార్చాడు. మా పద్ధతిలో తీగలు షడ్జమం, పంచమం, మళ్ళీ పై షడ్జమం, పై పంచమం. వాళ్ళది వేరు. ఆయన మార్చాక కుంటిగుర్రం చక్కగా నడిచింది. నేను థాంక్యూ చెప్పాను. ఆయన వెళ్ళాక మేడమీదికెళ్ళి మళ్ళీ నా శ్రుతికే మార్చేసుకున్నాను.

మార్చుకోవడానికి కారణం ఉంది. రేణుతో తెలుగు మాట్లాడకూడదన్నారు గానీ ఫిడేలు వాయించకూడదని ఎవరూ అనలేదు. అన్నం పెట్టేముందు, పడుకోబెట్టేముందు మా అమ్మ పాడే జోలపాట వాయించేదాన్ని. మాటల్లేకుండా. ఆ మాటలన్నీ నా వేళ్ళలో ఉండేవి, పైకి రాకూడదు. ఆ పాట నా శ్రుతిలో తప్ప పలకదు.

ఆగస్టు మూడోవారం నాటికి ఆ ఏడు పేజీలకి వచ్చాను. ఎండ మాడ్చేస్తోంది. కిటికీ తెరలు కదలడంలేదు. మామ్మ నాకు వీపు పెట్టి, సింకు దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. రెన్నీ గారి పెన్సిల్ గీతల కింద ఉన్న చుక్కలు కనబడటంలేదు. ఈ చుక్క గీత మీదా, గీత కిందా అని నాకు అనుమానం వచ్చింది. వాయించి చూస్తే తెలుస్తుందేమో అనుకున్నాను. తీగలు వాళ్ళ పద్ధతికి మార్చాలన్న సంగతి తోచలేదు. నిజం చెప్పాలంటే, తోచినా మార్చేదాన్ని కాదు. తెగితే ఇంకో తీగ ఎక్కడ కొనాలో తెలియదు.

మెల్లగా మొదలుపెట్టాను. పైతీగల మీద రెండు వరుసలు. కిందికి దిగాను. ఎప్పటిలా కాలు విరుగుతుందని కాచుకుని ఉన్నాను. విరగలేదు. మెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇంకో మెట్టు, ఇంకోటి. కింది పంచమం తీగ దానంతట అదే మోగడం మొదలుపెట్టింది, నేను తాకకుండానే. పాట ఎక్కడికి వెళ్ళినా దాని వెనకే ఒక శ్రుతి ఎడతెగకుండా, పార్కులో తిత్తిలాగా. నేనెక్కడో వంటింట్లో ఒక్క ఫిడేలు వాయిస్తున్నాననిపించలేదు. దూరంగా ఒక గుట్ట దిగి ఎవరో వస్తున్నట్టు, వాళ్ళ వెనక ఊరంతా నడిచి వస్తున్నట్టు అనిపించింది.

బఠాణీలు రాలడం ఆగింది.

"ఆపకు," అంది మామ్మ, వెనక్కి తిరగకుండానే.

చివరిదాకా వాయించాను. తర్వాతి పేజీ వాయించాను. అదీ కుదిరింది. ఏడూ వాయించాను. మామ్మ సింకు అంచు పట్టుకుని నిలబడే ఉంది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేనే లేచి కుళాయి కట్టాను.

"మా నాన్న," అంది. "ఈ పాటలకి ముందు బిరడలు తిప్పేవాడు. ఊరికే టైం పాడు చేస్తున్నాడని చిన్నప్పుడు నాకు విసుగొచ్చేది. ఎందుకు నాన్నా అంటే, తిత్తి వాయించేవాడు రాలేదు కదే, ఈ చెక్కపెట్టెనే తిత్తి చేస్తున్నాను అనేవాడు. అరవై ఏళ్ళయింది. నాకు ఇన్నాళ్ళూ గుర్తే రాలేదు. చూశావా, ఎంత సిగ్గుచేటో!"

మర్నాడు రెన్నీ గారిని పిలిపించింది. ఆయన బిస్కట్ ముట్టుకోలేదు. నేను వాయిస్తుంటే కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. రెండో పాట మధ్యలో తన ఫిడేలు పెట్టె తెరిచి, నా తీగలు వింటూ తన కింది తీగలు రెండూ ఒక్కొక్క మెట్టు పైకి బిగించాడు. మూడో పాట ఇద్దరం కలిసి వాయించాం. ఆయన కుర్చీలో, నేను నేల మీద.

"తీగలు ఎలా కట్టాలో పేజీ పైన రాసి ఉంటాడు," అన్నాడు ఆఖరికి. "బైండు చేసినవాడు అంచు కత్తిరించేశాడు. నేను పాటని దిద్దుతూ కూర్చున్నాను, ముప్ఫై ఏళ్ళు బడిలో సంగీతం చెప్పినవాణ్ణి." మామ్మ వైపు తిరిగి, "ఎల్స్‌పెత్, మీ తాత తాగలేదు," అన్నాడు.

"ఆ సంగతి నాకు ముందే తెలుసు. టీ పోసుకో."

ఆయన జేబులోంచి రబ్బరు తీశాడు. ఏడు పేజీల్లో పెన్సిల్ గీతలన్నీ, కాగితం చిరగకుండా, ఒక్కొక్కటే చెరిపాడు. గంటన్నర పట్టింది. రబ్బరు పొట్టు బల్ల మీద పేరుకుంది. రేణు దాన్ని చిటికెలతో ఏరి నా అరచేతిలో పోసింది.

ఆ సాయంత్రం మేడమీద రేణుకి పప్పన్నం కలుపుతున్నాను. ఈయన పేపరు చదువుకుంటున్నారు. ముద్ద చేశాను. రేణు నోరు తెరవకుండా నా నోటికేసి చూస్తోంది.

"ఇది మామ్మ ముద్ద," అన్నాను. "నిన్న మామ్మ ఒలిచిందే, ఆ బఠాణీలు ఇందులో ఉన్నాయి. ఇది తిన్నావంటే కుంటిగుర్రం ముద్ద పెడతాను. దానికి మూడు కాళ్ళే బాగుంటాయి, నాలుగోది ఎప్పుడూ అలిగి కూర్చుంటుంది, నీలాగే."

పేపరు చప్పుడు ఆగింది.

"వసూ."

"ఊఁ."

"ఏం చేస్తున్నావు?"

"అన్నం పెడుతున్నానండీ."

"అది కాదు. క్లినిక్‌లో ఆవిడేం చెప్పింది? ఒక్కటే ఉండాలంది కదా?"

"అంది. నాకున్నది ఒక్కటే."

రేణు నోరు తెరిచింది. ముద్ద పెట్టాను. నమిలింది, మింగింది, మళ్ళీ నోరు తెరిచింది. గుర్రం గురించి ఇంకా చెప్పాను. దాని యజమాని మిల్లువాడు ఎంత పిసినారో చెప్పాను. రెండున్నర నెలలుగా గొంతులో ఆగిపోయినవన్నీ వస్తున్నాయి. నా మాటలు నాకే తడిగా, కొత్తగా వినబడుతున్నాయి. గిన్నె ఖాళీ అయింది. ఈయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

మర్నాడు ఆఫీస్‌కి వెళ్తూ, షూ లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండా "పోయొస్తానే బుజ్జీ," అన్నారు. ఫ్రిజ్ మీద చీటీ ఇంకా ఉంది. తర్వాత దాని వెనక్కి తిప్పి ఉప్పు, మినప్పప్పు, చింతపండు అని సామాన్ల జాబితా రాసుకున్నాను.

రేణుకి వెంటనే మాటలొచ్చాయని చెప్తే అబద్ధం. సెప్టెంబరులో క్లబ్బువాళ్ళ నాట్యం అయింది. పుస్తకం అచ్చయింది. ఆ ఏడు పేజీల పైన, తీగలు ఇలా కట్టుకోవాలని రెన్నీ గారు నాలుగు చుక్కలు వేయించారు. ఆకులు రాలాయి. జయంతి గారు అడుగుతూనే ఉన్నారు. నా భయం కూడా ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇప్పుడు అది కూర్చునే గదిలో మాటల చప్పుడు ఉండేది.

జనవరిలో మామ్మ కంటి ఆపరేషనుకి నాలుగు రోజులు హాస్పిటల్‌లో ఉంది. మంచు పడుతోంది. నేను రేణుని తీసుకుని కింద మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి దిగాను. అది వంటింట్లోకి వెళ్ళింది. బల్ల కింద చూసింది, సింకు దగ్గర చూసింది, ముందుగదిలో ఖాళీ కుర్చీ చూసింది. తిరిగొచ్చి నా కొంగు లాగి, చక్కగా, స్పష్టంగా, నేను అడిగినట్టే అడిగింది.

"మామ్మేదీ?"

చేతిలో నీళ్ళచెంబు అలాగే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. అది నేను వినలేదనుకుని, ఇంకాస్త గట్టిగా మళ్ళీ అడిగింది. అమ్మా అన్నది ఆ తర్వాత పదకొండు రోజులకి, పాలు చల్లారిపోయాయని ఫిర్యాదు చెయ్యడానికి.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఈయనకి కొత్త ఉద్యోగం వచ్చి మేం ప్లెయిన్స్‌బరో వచ్చేశాం. రేణు సెకండ్ గ్రేడ్‌లో ఉంది. దాన్ని మాట్లాడకుండా ఉంచడమే ఇప్పుడు టీచరుకి కష్టం. రెండు భాషల్లోనూ ఆపదు. మామ్మతో ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడేది. మొన్న దసరాల తర్వాత ఆ ఫోను పలకడం మానేసింది. నేను రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఈయన డ్రైవ్ చేసి వెళ్ళి చూశారు. ఇంట్లో పోర్చుగీసు వాళ్ళున్నారు. ముసలావిడని ఎవరో మేనల్లుడు వచ్చి ఒక హోమ్‌లో చేర్చాడట, ఇల్లు అమ్మేశాడట. ఏ హోమో, ఏ ఊరో వాళ్ళకి తెలియదు. న్యూజెర్సీలోనే అన్నట్టు గుర్తట. అడుగుదామంటే రెన్నీ గారు పోయి ఏడాదయింది. రేణు రోజూ అడుగుతుంది. నేను చెప్పలేక మాట మారుస్తున్నాను.

ఈ పత్రిక చదివే ఇక్కడి తెలుగువాళ్ళలో డాక్టర్లు చాలామంది ఉన్నారు. నర్సింగ్ హోమ్‌లకి రౌండ్స్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ డ్యూటీలు చేసే అమ్మాయిలున్నారు. ఎల్స్‌పెత్ ఇన్నెస్ అన్న పేరు ఏ మంచం మీదైనా, ఏ తలుపు మీదైనా కనిపిస్తే దయచేసి ఒక్క నిమిషం లోపలికి వెళ్ళండి. ఎనభై ఒకటో ఏడు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, రెండు కళ్ళకీ ఆపరేషనయింది. ఆవిడ యాస అక్కడివాళ్ళకి అర్థం కాకపోవచ్చు, మతి చెడిందనుకుని ఊరుకుని ఉండొచ్చు. మందులవీ వాళ్ళు చూసుకుంటారు, అవి చూడమని నేను అడగడంలేదు. ఆవిడతో రోజూ ఎవరైనా మాట్లాడుతున్నారో లేదో, అదొక్కటి చూడండి.